రెండు సర్కార్ల ఇల్లు

బదిలీ ఉత్తర్వు వచ్చిందని ఫోన్ మోగినప్పుడు కృపారాణి ఎడమచేత్తో దోసె తిప్పుతోంది.

"మే కృపా, లిస్టులో నీ పేరుండాది! తుంబపాళెం సచివాలయమే ఇచ్చినారు!" అని అవతల నుంచి స్నేహితురాలు కోమలి అరిచిన అరుపుకు అట్లకాడ ఒకవైపు, దోసె ఒకవైపు పోయాయి. స్టవ్వు ఆపాలన్న తెలివి మాత్రం మిగిలింది. చెప్పులు వేసుకోవాలన్న తెలివి మిగల్లేదు. వాకిలి దాటి, కరివేపాకు మొక్క దాటి, పక్కనే ఉన్న చర్చిలోకి ఉత్త కాళ్ళతో పరిగెత్తింది.

లోపల ఆమె భర్త మునిశేఖర్ లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. ఆ చర్చికి పాస్టరు ఆయనే, ఫ్యాన్లు తుడిచేవాడూ ఆయనే.

"వచ్చేసిందండీ! ఈడికే! ఈ ఊరికే!"

ఆయన స్టూలు మీద నుంచి దిగలేదు, దూకాడు. మసిచేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాడు. బలిపీఠం ముందు ఆ ఇద్దరూ అలా బొంగరంలా తిరుగుతుంటే తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"కానీండి అయ్యగారూ, కానీండి. నేనేం సూడలేదు. గంట తాడు నలిగింది, మార్చిపోదామని వచ్చినా." అది మునిరామయ్య. సంఘపెద్ద. ఆ చర్చి గంట ముప్పైయేళ్ళుగా ఆయన చేతి కిందే మోగుతోంది.

పెళ్ళై నాలుగు నెలలు. కృపారాణి మహిళా పోలీసు, కుప్పం దాటి ఎక్కడో కర్ణాటక గట్టున ఉన్న గ్రామ సచివాలయంలో. మునిశేఖర్ ఇక్కడ, పుత్తూరు దారిలోని తుంబపాళెం లూథరన్ సంఘంలో. శనివారం సాయంత్రం బస్సులో ఆమె రావడం, సోమవారం తెల్లారకముందే పోవడం. వారానికి ఒక్క ఆదివారం కాపురం. ఆ ఆదివారం కూడా ఆయనకు ఊపిరాడని పని. అందుకే ఆ పొద్దు ఆమెకు లోకమంతా కొత్తగా కడిగి ఆరేసినట్టు కనిపించింది. ఇక ఒకే ఇంట్లో రెండు టూత్‌బ్రష్షులు ఒకే గ్లాసులో నిలబడతాయి. నీలం రంగు బకెట్టు కొనవచ్చు. ఊరిబిండి పచ్చడి నూరితే మిగిలింది రేపటికి ఉంచుకోవచ్చు. రేపు అనేది ఇద్దరిదీ అవుతుంది.

ఈ సంతోషంలో ఒక చిన్న ముల్లు ఉంది. అది అత్త తిరుమలమ్మ. మంచి మనిషే, ప్రాణం పెడుతుంది. కానీ కోడలి ఎడమచేతివాటం ఆవిడకు ససేమిరా గిట్టదు. కృప ఎడమచేత్తో కాఫీ గ్లాసు అందిస్తే ఆవిడ తీసుకోదు. గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. గ్లాసు చేయి మారాకే తల తిరుగుతుంది.

"మా వంశంలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేర్లే మార్చుకోలేదు పాపా. పేరు మా నాయన పెట్టింది, అదేం పాపం చేసిందని మార్చాల, అన్నాడంట మా మామ. అందుకే వీడు మునిశేఖర్, నేను తిరుమలమ్మ. పేరు మార్చుకోని వంశం మాది, నువ్వు చెయ్యి మార్చుకోలేవా?" అంటుంది.

కృప నవ్వేసేది. చేయి మాత్రం మారేది కాదు.

*

సంఘమంతా ఆమెకు బంతిపూల దండ వేసి ఆహ్వానించారు. మునిరామయ్య అందరి తరఫునా లేచి నిలబడి ప్రసంగించాడు. "ఇన్నాళ్ళూ మనకు పరలోకపు సర్కారు తరఫున అయ్యగారుండారు. ఇంగ ఈ లోకపు సర్కారు తరఫున అమ్మగారొచ్చినారు. రెండు సర్కార్లూ ఒకే ఇంట్లో ఉండాయి. ఇంగ మనకేం బయం!"

చప్పట్లు మోగాయి. కృప కూడా నవ్వుతూ కొట్టింది. మునిశేఖర్ ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారమూ ఒక తమాషా మొదలైంది. ఆరాధనలో "మమ్మును ఏలు అధికారులందరి కొరకు" అని ప్రార్థన చదివే చోట మూడో వరసలో కూర్చున్న కృప వైపు ఆడవాళ్ళందరూ ఒక కంటితో చూసేవాళ్ళు. వారం మధ్యలో ఎవరెవరో వంటింటి దాకా వచ్చి, రేషను కార్డు సంగతి ఆయనతోనూ, జ్వరానికి ప్రార్థన ఆమెతోనూ చెప్పుకుపోయేవాళ్ళు. ఏది ఎవరికి చెప్పినా ఒకటేనని వాళ్ళ లెక్క.

ఇది ముదురుతోందని మునిశేఖర్‌కు అనిపించినట్టుంది. ఒక ఆదివారం దాని మీదే ప్రసంగం పెట్టుకున్నాడు.

"దేవుడికి రెండు చేతులు. కుడిచేత్తో ఆయన ఊరికే ఇస్తాడు. క్షమాపణ, సమాధానం, రక్షణ. ఆ చెయ్యి ఎవర్నీ బలవంతపెట్టదు. ఎడమచేతిలో కర్ర పట్టుకున్నాడు. బలంగలవాడు బలంలేనివాడి మీద పడకుండా, మనం రాత్రి తలుపేసుకుని నిద్రపోయేలా చూసేది ఆ చెయ్యి. కోర్టు, స్టేషను, కలెక్టరాఫీసు, అన్నీ అందులోనే. రెండూ ఆయన చేతులే. కానీ ఒక చేతి పని ఇంకొకటి చెయ్యదు. గుడిలో లాఠీ పనికిరాదు. స్టేషన్లో నా ఆశీర్వాదం పనికిరాదు."

సంఘంలో గుసగుస లేచింది. క్షమాపణ గురించీ కాదు, కర్ర గురించీ కాదు.

"అయ్యగారూ," బయటికొచ్చాక మునిరామయ్య తల గోక్కున్నాడు, "దేవుడికి ఎడంచెయ్యి ఉండాదంటే ఒప్పుకుంటాం. మనిషి రూపం గదా. అయితే గవర్నమెంటును తీసకపోయి ఆ చేతిలో పెట్టేది ఏందయ్యా? ఆ చెయ్యి దేనికి వాడతామో నాకంటే మీకు బాగా తెలుసును."

"అయితే కలెక్టరుకు దండ ఏ చేత్తో వెయ్యాలంట?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ఇంటికొచ్చాక తిరుమలమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. "పెండ్లాన్ని వెనకేసుకొచ్చేదానికి దేవుడికే ఎడంచేతివాటం అంటగట్టినాడు నా కొడుకు! ఎట్లా తలెత్తుకుని తిరగాల నేను?"

కృప వంటింట్లో పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు మొగుడు కనబడితే చాలు, ఎడమచెయ్యెత్తి సెల్యూట్ కొట్టేది. అంత సంతోషం ఎంతకాలం ఉంటుందో అప్పుడు ఆమె లెక్కపెట్టలేదు.

*

సీతాఫలాలు కళ్ళు విచ్చే రోజుల్లో, ఒక తెల్లవారుజామున తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ పోయిన సుబ్రమణ్యం ఇంటికి రాలేదు. ఆ ఊరి రైతు పరంధామయ్య చెనిక్కాయ చేలో, వేరుశనగ మొక్కల మధ్య, శవమై కనిపించాడు. సుబ్రమణ్యం గొర్రెలు మేపుకునే మనిషి, సంఘం వాడు కాదు. నెమ్మదస్తుడు. కృప సచివాలయానికి పోయే దారిలో ఎదురైతే "బాగుండావా పాపా" అని పలకరించకుండా పోయేవాడు కాదు.

ఆయన భార్య నాగవేణిని పట్టుకుని కూర్చునే పని కృపకు పడింది. నాగవేణి ఏడవలేదు. "గొర్రె ఇంటికొచ్చేసింది. మనిషి రాలేదు," అని మాత్రం మళ్ళీ మళ్ళీ అంది. పంచనామా సమయంలో దుప్పటి తొలగినప్పుడు కృప చూసింది. మోకాలి కింద అడ్డంగా, సన్నగా, నల్లగా కాలిన గీత. ఊళ్ళో అనుకుంటున్నట్టు పాము కాటు కాదు. అడవిపందుల కోసం చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతారు కొందరు. ఆ గీత అదే.

పరంధామయ్య చేలో తీగ లేదు. కానీ శవం అక్కడుంది, మోటారు అక్కడుంది. తీగ తీసేసి దాచాడని పోలీసుల అనుమానం. అప్పటి నుంచి ఆయన్ను రోజూ స్టేషనుకు పిలిపించి పొద్దు గూకేదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. ఎస్సై తిరుమల బ్రహ్మోత్సవాల బందోబస్తుకు పోయి ఉన్నాడు. సోమవారం వస్తాడు, రాగానే అరెస్టు చూపిస్తారు అని స్టేషన్లో చెప్పుకుంటున్నారు.

కృప ఏదో కాగితం ఇవ్వడానికి పోయినప్పుడు పరంధామయ్య బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. అరవైయేళ్ళ మనిషి, ఆమెకు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను తీగ లాగలేదమ్మా. మా పిలకాయల మీద ఒట్టు. మీ అయ్యగారు దేవుడితో మాట్లాడతారు గదా, ఎవురు చేసినారో ఒక్క మాట అడిగి చెప్పమనమ్మా."

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. అది శనివారం. మరుసటి రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందురోజు సాయంత్రం, మనసులో బరువున్నవాళ్ళు వచ్చి చర్చి పక్కగదిలో పాస్టరు దగ్గర ఒక్కరొక్కరుగా ఒప్పుకోలు చెప్పుకోవడం ఆ సంఘంలో తాతల నాటి అలవాటు. వరండాలో కూర్చుని కృప బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. ఎవరెవరు పోయారో, ఎవరెవరు వచ్చారో పట్టించుకోలేదు.

మునిశేఖర్ ఆ గదిలో నుంచి బయటికొచ్చినప్పుడు మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చున్నాడు, వేళ్ళతో కెలికాడు, లేచిపోయాడు.

"ఏందే పాపా, కూరలో ఉప్పెక్కువేసినావా? నా బిడ్డ తినకుండా లేచినాడు," అంది తిరుమలమ్మ.

కృప గ్లాసుడు మజ్జిగ తీసుకుని ఆయన వెనకాలే వాకిట్లోకి పోయింది. "ఏమైందండీ? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఏం లేదు."

"నాతో కూడా చెప్పరా?"

ఆయన ఆమె మొహంలోకి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. నాలుగు నెలలూ, ఆ తర్వాత ఇన్ని వారాలూ గడిచాయి కదా, ఆమె నుంచి ఆయన చూపు తిప్పుకోవడం అదే మొదటిసారి.

"అడగొద్దు కృపా. ఆ గదిలో నా చెవిన పడింది నాది కాదు."

అప్పుడు అర్థమైంది ఆమెకు, మొత్తం కాకపోయినా సగం. మజ్జిగ గ్లాసు చేతిలో చల్లగా ఉంది.

"పరంధామయ్య సంగతేనా?"

ఆయన కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి నలపసాగాడు.

"పాపం ఆ ముసలాయన నాకు లేచి నిలబడినాడండీ. సోమవారం ఆయన్ని లోపలేస్తారు. మీకు తెలిసి కూడా..."

"కృపా." ఆ గొంతు బతిమాలుతోంది. "తెలిసిందని నేను అన్లేదు. తెలీదనీ అన్లేదు. నేను నోరు తెరిచిన రోజు ఆ గదికి తాళమెయ్యాల. మళ్ళా ఎవరూ అందులోకి ఏడవడానికి రారు."

"అయితే నేనేం చెయ్యాల? నేనూ ప్రమాణం చేసిన దాన్నే గదా."

"నీ పని నువ్వు చెయ్యి. నా దగ్గర నుంచి తప్ప, యాడ నుంచి దొరికినా నీ పని నువ్వు చెయ్యి."

ఆమె మజ్జిగ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికొచ్చేసింది. రెండు టూత్‌బ్రష్షులూ ఒకే గ్లాసులో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది.

*

ఆదివారం ఆరాధనలో గంట ఎప్పటికంటే గట్టిగా మోగింది. పాటలన్నిటిలో మునిరామయ్య గొంతే పైన ఉంది. బల్ల దగ్గరికి అందరికంటే ముందు ఆయనే వచ్చాడు, నూనె రాసుకున్న తల, తేటబడిన మొహం. రొట్టె అందిస్తూ మునిశేఖర్ చెప్పాల్సిన మాట తప్పి మళ్ళీ మొదలుపెట్టడం కృప మూడో వరస నుంచి చూసింది. పాస్టరుకు జ్వరమేమో అనుకున్నారు పక్కవాళ్ళు.

మధ్యాహ్నం మునిశేఖర్ మంచానపడ్డ ఒక ముసలమ్మకు ప్రభువు బల్ల ఇవ్వడానికి కిందూరికి పోయాడు. వరండాలో తిరుమలమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. కృప బట్టలు మడతపెడుతోంది. గంపలో సీతాఫలాలతో మునిరామయ్య వచ్చాడు.

"అమ్మగారూ, చెట్టున మాగినవి. మీకని తెచ్చినా."

"ఇంత ఎందుకు పెదనాయనా? కూర్చోండి."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. పండు పండునూ తాకుతూ కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరకు గొంతు తగ్గించాడు. "పరంధామయ్య కేసు రేపు రాస్తారంట గదా."

"అట్లే అంటాండారు."

"మీరు ఎస్సై చెవిన ఒక మాట వెయ్యగూడదా? పాము కాటని రాసేస్తే ఎవురికీ తంటా లేదు. పరంధామయ్య ఇంటికి పోతాడు. నాగవేణిని ఊరంతా కలిసి చూసుకుందాం. రెండు సర్కార్లూ ఒకే ఇంట్లో ఉండాయని మొన్న నేనే గదా అన్నింది."

"పాము కాటు కాదు పెదనాయనా. కాలి మీద కాలిన గీత నా కండ్లతో సూసినా."

"సూసినారు, కాదనను. అయినా అదంతా తేలిపోయింది గదమ్మా."

"ఏం తేలింది?"

"అదేందమ్మా అట్లంటారు! నిన్న అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, దేవుడి పేరట క్షమాపణ చెప్పేసినాక ఇంగ స్టేషన్ దేనికి? పెద్ద సర్కారు కొట్టేసిన కేసును చిన్న సర్కారు మళ్ళా తోడుతుందా?"

చెనిక్కాయ పగిలే చప్పుడు ఆగిపోయింది. కృప చేతిలో మడత సగంలో ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికం ఉండదని మునిరామయ్య నమ్మకం. నిన్ననే ఆమెకంతా తెలిసిపోయి ఉంటుందని, తెలిసీ నవ్వు మొహంతో కూర్చోబెట్టిందంటే పని అయిపోయినట్టేనని, ధైర్యంగా వచ్చాడు.

"ఆయన నాకేం చెప్పలేదు పెదనాయనా," అంది ఆమె మెల్లగా.

"చెప్పలేదా?"

"ఒక్క మాట కూడా చెప్పలేదు. అడిగితే అడగొద్దన్నాడు."

ఆయన మొహంలో తేట అంతా ఒక్కసారిగా ఇంకిపోయింది. గంప మీద నుంచి చేయి తీసేసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇక దాచడానికేముంది? చెప్పేశాడు. పరంధామయ్య చేను పక్కనే ఉన్న తన చెరుకు తోటలో పందులు పడుతున్నాయి. మోటారు స్టార్టరు నుంచి తీగ లాగాడు. తెల్లారుతుంటే తీసేద్దామని పోతే తీగ పక్కన సుబ్రమణ్యం. కదిలించి చూశాడు. లేడు.

"ఈడ్చినా తల్లీ. గెనిమ గట్టు దాటించి పక్క చేలో వేసినా. అప్పుడు కండ్లు నావి కావు, చేతులు నావి కావు. ఇంటికొచ్చి స్నానం చేసి గంట కొట్టినా. పొద్దున ప్రార్థన గంట. తప్పలేదు ఒక్కరోజు కూడా."

గేటు చప్పుడైంది. మునిశేఖర్ సైకిలు దిగాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఈయన నోటితో ఈయనే చెప్పినాడండీ," అంది కృప. "మీరు కాదు."

ఆయన సైకిలును గోడకు ఆనించబోయాడు. అది జారి కింద పడింది. దాన్ని లేపలేదు. వచ్చి మునిరామయ్య పక్కన అదే మెట్టు మీద కూర్చున్నాడు.

"అయ్యగారూ," మునిరామయ్య గొంతు కీచుమంది. "నిన్న మీరు చెప్పింది ఉత్త మాటేనా?"

"ఉత్త మాట కాదు. దేవుడి మాట. నువ్వు ఏడ్చి ఒప్పుకున్నావు, పోయి పరంధామయ్యను విడిపిస్తానన్నావు, నేను క్షమాపణ చెప్పినా. ఆ రాత్రికే తేలికైపోయి, పోయే పనిలేదనుకున్నావు."

"క్షమించినోడు జైలుకు పంపిస్తాడా?"

"దేవుడి దగ్గర నీ మీద కేసు లేదు మునిరామయ్యా. ఆ బరువు ఆయన మోసేసినాడు. కానీ గెనిమ దాటించి నువ్వు పెట్టిన బరువు పరంధామయ్య మెడ మీద ఉండాది. అది నా ప్రార్థనతో దిగదు. దించే పని దేవుడు నాకివ్వలేదు. స్టేషనుకిచ్చినాడు. అదీ ఆయన చెయ్యే."

"ఎడంచెయ్యి."

"ఆ, ఎడమచెయ్యే."

"అందులో కర్రుండాది గదా అయ్యగారూ."

"ఉండాది. తగుల్తుంది. తగలదని నీకు అబద్ధం చెప్పను. కానీ ఆ దెబ్బ నిన్ను దేవుడి నుంచి తరిమేది కాదు. కుడిచెయ్యి నిన్ను ఇంతకుముందే పట్టుకున్నాది. పట్టుకున్నాది కాబట్టే పోగలవు."

మునిరామయ్య చివాలున లేచాడు. "మాటలు బాగుండాయి! పెండ్లాం ఉద్యోగం నిలబడాలని చెప్తాండారు మీరు. రెండు సర్కార్లూ కలిసి ఒక ముసలోన్ని తొక్కతాండాయి!"

అప్పటిదాకా మాట్లాడని తిరుమలమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏమప్పా మునిరామయ్యా, ఎవురు ఎవుర్ని తొక్కినారు? నిన్నటి నుంచి నా బిడ్డ బువ్వ ముట్టలేదు. కూర బాగలేదని ఈ పాపను తిట్టినా నేను. నీ మాట కడుపులో పెట్టుకుని ఎండిపోయినాడు వాడు. ఆలికి కూడా చెప్పలేదు. నువ్వేమో నున్నగా తల దువ్వుకుని పాటలు పాడినావు!"

ఆయన నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

కృప ఫోను చేతిలోకి తీసుకుంది. ఎస్సై నంబరు అందులోనే ఉంది. ఇప్పుడే చెప్పేస్తే? ఊరు ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు. శనివారం ఒప్పుకోలు, ఆదివారం పోలీసులు. అయ్యగారు పెళ్ళానికి చెప్పాడు, పెళ్ళాం స్టేషనుకు చెప్పింది. ఆ చిన్న గది తలుపు ఇక తెరుచుకోదు. మొగుడు ఎండిపోయి కాపాడింది ఒక్క ఫోనుతో పోతుంది. చెప్పకపోతే? బెంచీ మీద నుంచి ఒక ముసలాయన ఆమెకు లేచి నిలబడ్డాడు. ఎస్సై వచ్చేది రేపు పొద్దున. చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం.

ఫోను బట్టల మీద పెట్టింది.

"పెదనాయనా, నేను విన్నా. వినలేదని చెప్పలేను, అట్ల చెప్తే ఈ ఉద్యోగం నాకెందుకు? రేపు మొదటి బస్సుకు స్టేషనుకు పోతా. మీరు నాకంటే ముందు నోరు తెరిస్తే మీ పక్కన నిలబడతా. తెరవకపోతే నేను చెప్తా. అప్పుడు ఈ ఊళ్ళో మీ అయ్యగారి చెవిలో ఇంకెవరూ ఏమీ చెప్పుకోరు. అదీ మీరే సూసుకోండి."

తన మాట బెదిరింపులా ఉందా అని ఆమెకే అనుమానం. మునిశేఖర్ ఆమె వైపు చూశాడు. నిన్న తిప్పుకున్న చూపు తిరిగొచ్చింది గానీ, అందులో సంతోషం లేదు.

మునిరామయ్య చర్చి వైపు తిరిగాడు. కొత్త తాడు గాలికి కొంచెం ఊగుతోంది. ఆయన మార్చిందే.

"సుబ్రమణ్యానికి గంట కొట్టలేదు," అన్నాడు. ఆ ఊళ్ళో సంఘంలో ఎవరు పోయినా సావు గంట మోగుతుంది. సుబ్రమణ్యం సంఘం వాడు కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. "మనోడు కాదు గదా అని నేనే అన్నా. అందరికంటే ముందు నేనే అన్నా."

ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"రేపు తెల్లారి సావు గంట కొడతానయ్యా. ఎవురికని అడగతారు గదా జనం. అడిగినోళ్ళకల్లా చెప్పుకుంటా బస్టాపు దాకా నడుస్తా. యాడన్నా కాళ్ళు నిలిచిపోతే మీరు పట్టుకోవాల." ఆయన మునిశేఖర్ వైపు తిరిగాడు. "తెల్లంగీ వేసుకుని రాండి అయ్యగారూ. అది చూస్తే వాళ్ళు కొంచెం మెత్తబడతారు."

"తెల్లంగీ గుడికే. రేపు ఉత్త చొక్కాతో వస్తా," అన్నాడు మునిశేఖర్. "ఆడ నాకు అధికారం లేదు. నీ పక్కన కూర్చునే పని మాత్రం ఉండాది. ఎంతసేపైనా కూర్చుంటా."

మునిరామయ్య తల ఊపి, గంప అక్కడే వదిలేసి, గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి చూసి, పోయాడు. రేపు గంట మోగుతుందా? కృప మనసులో ఆ ప్రశ్న కదలకుండా కూర్చుంది. మోగకపోయినా ఆమె బస్సు ఎక్కాల్సిందే.

ఆమె లోపలికి పోయి కాఫీ పెట్టింది. ఆలోచన ఎక్కడో ఉండి, అత్తకు గ్లాసు ఎడమచేత్తోనే చాచింది. చాచాక గుర్తొచ్చి వెనక్కి లాక్కోబోయింది. తిరుమలమ్మ గ్లాసు పట్టేసుకుంది.

"రేపు నేను నాగవేణి తావకు పోతా. గంట ఎవురికో ఆ పిల్లకు ముందే తెలియాల," అని ఒక గుక్క తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు పొద్దున్నే లేచి నాలుగు పొట్లాలు ఉప్మా కట్టు పాపా. మునిరామయ్యకొకటి, బెంచీ మీద కూర్చున్న ఆ పరంధామయ్యకొకటి, మీ ఇద్దరికీ రెండు. ఏ చేత్తో కడతావో కట్టు."